పాసిబిలిటీ వెనక 'టు' రాదంట, ఎబిలిటీ వెనక వస్తుందంట. దీనికేమన్నా లెక్కుందా?

కోర్టెదురు టైపింగ్ అంగడి, చిత్తూరు

అందరికీ నమస్కారం. చిత్తూరులో కోర్టుకు ఎదురుగా నాది టైపింగ్, జిరాక్స్ అంగడి. మా నాయన రెమింగ్టన్ మిషన్ మీద చేసిన పనే నేను కంప్యూటర్ మీద చేస్తా ఉండాను. పిటిషన్లు, అఫిడవిట్లు, బాడుగ అగ్రిమెంట్లు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల లెటర్లు, పిల్లోళ్ళ బయోడేటాలు, ఏదొస్తే అది కొడతాను. ఇంగ్లీషు బడిలో నేర్చుకునింది తక్కువ, ఎవరెవరో రాసింది కొట్టి కొట్టి నేర్చుకునిందే జాస్తి. స్పెల్లింగ్ తప్పుంటే చెయ్యి దానంతట అదే ఆగుతుంది. ఈ 'టు' దగ్గర మాత్రం ఆగదు. అదే నా బాధ.

మొన్న ఒక పిల్లోడు గుజ్జు ఫ్యాక్టరీలో ఉద్యోగానికని కవరింగ్ లెటర్ రాసుకోనొచ్చినాడు. అందులో వరసగా ఇట్లుండాయి: 'ఐ హ్యావ్ ఇంట్రెస్ట్ టు లెర్న్', 'దేర్ ఈజ్ పాసిబిలిటీ టు జాయిన్ ఇమ్మీడియట్లీ', 'ఐ హ్యావ్ ఎబిలిటీ టు వర్క్ ఇన్ నైట్ షిఫ్ట్'. అఫిడవిట్ ప్రింటు కోసం కాచుకోనుండిన ఒక లాయర్ సారు ఆ కాయితం తీసుకోని మొదటి రెండూ పెన్నుతో కొట్టేసినాడు. మూడోదాంట్లో 'ఎబిలిటీ' ముందర 'ది' ఒకటి ఇరికించినాడు, అంతే. అన్నిట్లోనూ ముందు నామవాచకం, వెనక 'టు', దాని వెనక క్రియ, ఒకే మాదిరి ఉండాయి కదా సార్, ఇదొకటి ఎట్ల ఒప్పయింది అంటే, 'చెవికి తెలుస్తుందప్పా' అనేసి పొయ్యినాడు. ఆయనది కాన్వెంటు చెవి. మనది మున్సిపల్ స్కూలు చెవి, దానికి అన్నీ బాగానే వినపడతాయి.

అప్పటినుంచి ఏ కాయితం కొట్టినా కళ్ళు దీనిమీదకే పోతా ఉండాయి. బాడుగ కేసుల్లో 'ఫెయిల్యూర్ టు పే రెంట్', 'నోటీస్ టు వెకేట్'. సమన్లు తీసుకోకుంటే 'రెఫ్యూజల్ టు రిసీవ్'. అదే అప్పీలు గడువు దాటిపోతే లిమిటేషన్ యాక్టు 5వ సెక్షన్ కింద వేసే పిటిషన్లో 'డిలే ఇన్ ఫైలింగ్ ది అప్పీల్'. 'డిలే టు ఫైల్' అని రాసుకోనొచ్చినోళ్ళను నేను చూడలేదు. విడాకుల కేసులో మొగుడికి 'హ్యాబిట్ ఆఫ్ డ్రింకింగ్' ఉంటుందే గాని 'హ్యాబిట్ టు డ్రింక్' ఉండదు. చీటింగ్ కేసుల్లో ఒక లాయరు 'ఇంటెన్షన్ టు చీట్' అంటాడు, పక్క రూము లాయరు 'ఇంటెన్షన్ ఆఫ్ చీటింగ్' అంటాడు. ఇద్దరి కాయితాలూ కోర్టు తీసుకోని నంబరు వేస్తానే ఉంది.

దీనికి లెక్కేమన్నా ఉందా, లేదంటే నామవాచకాలన్నీ బట్టీ కొట్టాల్సిందేనా? తెలిసినోళ్ళు చెప్పండి. గ్రామర్ పేర్లతో మాత్రం కొట్టొద్దండి, దండం పెడతా.

బైరాగిపట్టెడ కోచింగ్ మాస్టర్

అన్నా, తిరుపతిలో బ్యాంకు, ఎస్సెస్సీ ఉద్యోగాల పరీక్షల పిల్లలకు ఇంగ్లీషు చెప్తుంటాను. మా దగ్గర చెప్పే పద్ధతి సులువు. నామవాచకాన్ని చూడొద్దు, అది ఏ క్రియ నుంచో ఏ విశేషణం నుంచో పుట్టుంటుంది, దాన్ని చూడండి. తల్లి వెనక ఏముంటే పిల్ల వెనకా అదే.

'డిసైడ్ టు గో' అంటాం, కాబట్టి 'డెసిషన్ టు గో'. 'రెఫ్యూజ్ టు', 'రెఫ్యూజల్ టు'. 'ఫెయిల్ టు', 'ఫెయిల్యూర్ టు'. 'ఏబుల్ టు', 'ఎబిలిటీ టు'. మీ పిల్లోడి మొదటి వాక్యం ఎందుకు పోయిందంటే, 'ఇంట్రెస్టెడ్ ఇన్ లెర్నింగ్' అంటాం, కాబట్టి 'ఇంట్రెస్ట్ ఇన్ లెర్నింగ్'. 'సక్సీడ్ ఇన్', 'సక్సెస్ ఇన్'. ఫెయిలైతే 'టు', పాసైతే 'ఇన్' అని చెప్తే మా పిల్లలు ఇంక మర్చిపోరు.

పుత్తూరు పిల్ల

సార్, నేను ఎమ్మే ఇంగ్లీషు చదువుతున్నా. మీ లెక్క నాకూ చెప్పారు, కానీ అన్న అడిగిన దగ్గరే అది ఆగిపోతుంది. 'ఇట్ ఈజ్ పాసిబుల్ టు జాయిన్' నూటికి నూరుపాళ్ళు ఒప్పు. తల్లి వెనక 'టు' ఉంది కదా, మరి పాసిబిలిటీ వెనక ఏమైపోయింది? 'ఇంపార్టెంట్ టు రీడ్' అంటాం, నామవాచకం దగ్గరికొచ్చేసరికి 'ఇంపార్టెన్స్ ఆఫ్ రీడింగ్'. 'డిఫికల్ట్ టు బ్రీద్', కానీ 'డిఫికల్టీ ఇన్ బ్రీదింగ్'. 'హోప్ టు విన్', కానీ 'హోప్ ఆఫ్ విన్నింగ్'. 'ప్రిఫర్ టు వాక్', కానీ 'ప్రిఫరెన్స్ ఫర్ వాకింగ్'.

ఇంకోటి. రైట్, ఛాన్స్, ఆపర్చునిటీ, వే, వీటికి అసలు తల్లే లేదు. అయినా 'టు' పెట్టుకుని హాయిగా తిరుగుతున్నాయి.

బైరాగిపట్టెడ కోచింగ్ మాస్టర్

నిజమే తల్లీ. పరీక్ష గట్టెక్కేంత వరకు చెప్పాను. పెద్దోళ్ళెవరైనా వస్తారు, ఉండు.

తిరుపతి రిటైర్డ్ లెక్చరర్

పెద్దోళ్ళు వచ్చారు. డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరై ఇంట్లో ఉన్నాను, ఇలాంటి ప్రశ్న చూస్తే ఊరుకోలేను. టైపింగ్ బాబు గ్రామర్ పేర్లు వద్దన్నాడు కాబట్టి వీలైనంత వరకు వాడను.

రెండు వాక్యాలు చూడండి. 'జాన్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్', 'జాన్ ఈజ్ ఈజీ టు ప్లీజ్'. పైకి ఒక్క మాటే తేడా. మొదటిదాంట్లో మెప్పించాలని ఉబలాటపడేవాడు జాన్. రెండోదాంట్లో మెప్పించేది ఎవరో వేరేవాళ్ళు, మెప్పు పొందేవాడు జాన్. సులువనేది జాన్ గుణం కాదు, అతన్ని మెప్పించే పని గుణం. అమెరికా భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీకి ఈ జతంటే మహా ఇష్టం. 1970లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆయన వీటిని నామవాచకాలుగా మార్చి చూపించాడు. 'జాన్స్ ఈగర్‌నెస్ టు ప్లీజ్' చక్కటి ఇంగ్లీషు. 'జాన్స్ ఈజీనెస్ టు ప్లీజ్' ఇంగ్లీషే కాదు. అంటే 'టు'తో ఉన్న విశేషణాలన్నీ ఒక జాతి కావు. పుత్తూరు అమ్మాయి అడిగిన పాసిబుల్, ఇంపార్టెంట్, డిఫికల్ట్, మూడూ ఈజీ వైపువి. మాస్టారు చెప్పిన ఏబుల్, విల్లింగ్ ఈగర్ వైపువి.

టైపింగ్ బాబుకు పనికొచ్చే లెక్క ఇందులోంచే తీస్తాను. నామవాచకం కనపడగానే 'ఇది ఎవరిది, పని చేసేదెవరు?' అని అడగండి. ఎబిలిటీ ఎవరిది? ఆ పిల్లవాడిది. నైట్ షిఫ్ట్ చేసేదెవరు? వాడే. డెసిషన్, ప్రామిస్, రెఫ్యూజల్, విల్లింగ్‌నెస్, అన్నీ ఇంతే, ఎవరివో వాళ్ళే పని చేస్తారు, లేదా చేయమంటారు. రైట్, పర్మిషన్, ఆపర్చునిటీ ఒక మనిషికి ఇంకొకరు ఇచ్చేవి, తీసుకున్నవాడే పని చేస్తాడు. పని ఇంకా ముందుంది. అక్కడ 'టు' నిలబడుతుంది. తల్లి లేకపోయినా నిలబడుతుంది.

పాసిబిలిటీ ఎవరిది? ఎవరిదీ కాదు. అది పనిని తూచే మాట, జరుగుతుందా జరగదా అని. రిస్క్, డేంజర్, ఇంపార్టెన్స్, కాస్ట్, అడ్వాంటేజ్ కూడా పనిని తూచేవే. 'ది రిస్క్ ఆఫ్ లూజింగ్ ది కేస్', 'ది కాస్ట్ ఆఫ్ రిపేరింగ్ ది పంప్'. వీటి వెనక 'ఆఫ్', ఆ వెనక 'ఇంగ్'.

ఈ లెక్క నిజమో కాదో తేల్చుకోవాలంటే ఛాన్స్ అనే మాటను పట్టుకోండి, అది రెండు వైపులా తిరుగుతుంది. మహతి ఆడిటోరియంలో పాడమని మా పక్కింటి అమ్మాయిని పిలిచారనుకోండి, అది 'ఎ ఛాన్స్ టు సింగ్'. ఎవరో ఇచ్చారు, ఆ అమ్మాయి అందుకుంది. వైకుంఠ ఏకాదశి నాడు కొండమీద గది దొరుకుతుందా అన్నది 'ది ఛాన్స్ ఆఫ్ గెటింగ్ ఎ రూమ్'. అక్కడ ఎవరూ మనకేమీ ఇవ్వలేదు, దొరికే పాళ్ళు ఎంత అని లెక్కేసుకుంటున్నాం, అంతే. నవంబరులో మన ఊళ్ళో 'ఛాన్స్ ఆఫ్ రెయిన్' ఉంటుంది. వానకు ఎవరూ అవకాశం ఇవ్వరు కదా.

రీజన్ కూడా ఇలాంటిదే. బయోడేటా ఫారాల్లో 'రీజన్ ఫర్ లీవింగ్' అని ఒక గడి ఉంటుంది. పాత ఉద్యోగం ఎందుకు మానేశావని, అయిపోయినదానికి కారణం అడుగుతున్నారు. 'ఐ హ్యావ్ నో రీజన్ టు లీవ్' అంటే ఇంకా మానలేదు, మానాల్సిన పనేముంది అని.

మరి హ్యాబిట్ మనిషిదే, తాగేదీ ఆ మనిషే కదా అంటారు. అలవాటు ముందున్న పని కాదు, ఎప్పటినుంచో నడుస్తున్న పని. ఎక్స్‌పీరియెన్స్, మెమరీ కూడా అంతే. డిలే సంగతి మీకే బాగా తెలుసు, గడువు దాటాకే కదా ఆ పిటిషన్ వేసేది.

హోప్, ఫియర్, ఐడియా మాత్రం నా లెక్కకు లొంగవు. మనిషివే, ముందున్నవే, అయినా మామూలుగా 'ఆఫ్' కావాలంటాయి. వాటిని బట్టీ కొట్టండి. ఇంటెన్షన్ రెండు దారుల్లోనూ నడుస్తుంది, మీ ఇద్దరు లాయర్లూ ఒప్పే. అదే పొట్టిగా ఇంటెంట్ అన్నారంటే 'టు' వైపు మొగ్గుతుంది, శిక్షాస్మృతి నిండా 'విత్ ఇంటెంట్ టు' అనే ఉంటుంది చూడండి.

మ్యూనిక్‌లో చిత్తూరోడు

మేడమ్, బాగా చెప్పారు గాని, ఇక్కడ మా ఆఫీసులో జర్మన్లు రోజూ మెయిల్లో 'వి హ్యావ్ ది పాసిబిలిటీ టు' అనే రాస్తారు. వాళ్ళ భాషలో ఆ మాట వెనక మన 'టు' మాదిరి 'త్సు' అని ఒకటి వస్తుంది, దాన్ని అట్లే దించేస్తారు. ఎవరూ పెన్ను తీసుకోని కొట్టెయ్యరు. పని జరిగిపోతా ఉంది. ఆ పిల్లోడు ఇక్కడుండింటే లెటరు పాసయ్యేది.

బైరాగిపట్టెడ కోచింగ్ మాస్టర్

ఇక్కడ నెగెటివ్ మార్కు పడుతుందన్నా.

కోర్టెదురు టైపింగ్ అంగడి, చిత్తూరు

మేడమ్, 'ఎవరిది, చేసేదెవరు' అనే మాట బాగా పట్టుకునింది. అంగడిలో కుర్రోడికి కూడా చెప్పినా, వాడు నాకంటే ముందు కనిపెడతా ఉండాడు. కానీ మా కాయితాల్లో ఇంగా రెండు ముళ్ళు ఉండాయి.

ఒకటి 'అటెంప్ట్ టు మర్డర్'. పాత ఐపీసీలో 307, 2024 జూలై 1 నుంచి దాని బదులొచ్చిన భారతీయ న్యాయ సంహిత, అదే బీఎన్ఎస్‌లో 109. దాని పక్క సెక్షన్ పేరు మాత్రం 'అటెంప్ట్ టు కమిట్ కల్పబుల్ హోమిసైడ్'. ఒకదానికి 'కమిట్' ఉండాది, ఇంగోదానికి లేదు. కొందరు 'అటెంప్ట్ ఆఫ్ మర్డర్' అని రాసుకోనొస్తారు. అదేం లెక్క?

రెండోది నో అబ్జెక్షన్ అఫిడవిట్. ఉమ్మడి జాగాలో తమ్ముడు ఇల్లు కట్టుకుంటా ఉంటే అన్న రాసిస్తాడే, అది. డ్రాఫ్టులో 'ఐ హ్యావ్ నో అబ్జెక్షన్ టు కన్‌స్ట్రక్ట్ ది హౌస్ బై మై బ్రదర్' అనుంటుంది. ఇల్లు కట్టేది ముందుండే పనే. మీ లెక్క ప్రకారం 'టు' రావాల, వచ్చింది. కానీ పాస్‌పోర్టు కోసం రాసేదాంట్లో ఒకాయన 'నో అబ్జెక్షన్ టు ది ఇష్యూ ఆఫ్ పాస్‌పోర్ట్' అంటాడు, ఇంగొకాయన 'నో అబ్జెక్షన్ టు ఇష్యూ పాస్‌పోర్ట్' అంటాడు. ఒక 'ది', ఒక 'ఆఫ్', అంతే తేడా. రెండూ కొట్టి దుడ్లు తీసుకున్నా. ఏది ఒప్పు?

తిరుపతి రిటైర్డ్ లెక్చరర్

బాబూ, మీ అంగడి కాయితాలతో ఒక సెమిస్టర్ పాఠం చెప్పొచ్చు.

మర్డర్ అనేది ఇంగ్లీషులో నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది. 'హి మర్డర్డ్ హిమ్' అంటాం కదా. కాబట్టి 'అటెంప్ట్ టు మర్డర్'లో ఉన్నది క్రియ, చంపబోవడం. హోమిసైడ్ ఉత్త నామవాచకం, 'హి హోమిసైడెడ్ హిమ్' అనలేం. 'టు' వెనక క్రియ కావాలి కాబట్టి 'కమిట్'ను తెచ్చి పెట్టుకున్నారు. దొంగతనానికి 'అటెంప్ట్ టు స్టీల్' అన్నా, 'అటెంప్ట్ టు కమిట్ థెఫ్ట్' అన్నా ఇదే కథ. 'అటెంప్ట్ ఆఫ్ మర్డర్' వద్దు. ఇంగ్లండు వాళ్ళయితే ఈ గొడవంతా లేకుండా 'అటెంప్టెడ్ మర్డర్' అనేస్తారు.

నో అబ్జెక్షన్ ముల్లు ఇంకా పెద్దది. ఇక్కడి 'టు' ఆ 'టు' కాదు. ఇంగ్లీషులో 'టు'లు రెండు. క్రియకు ముందు అంటుకునేది ఒకటి, తిరుపతి నుంచి 'టు చిత్తూరు' అన్నప్పుడు వచ్చేది ఇంకొకటి. రెంటినీ విడదీయడానికి క్లాసులో నేను ఒక చిట్కా చెప్పేదాన్ని. 'టు' వెనక 'ఇట్' పెట్టి చూడండి. 'అబ్జెక్షన్ టు ఇట్' సరిపోయింది. 'డెసిషన్ టు ఇట్', 'ఎబిలిటీ టు ఇట్' అతకవు. 'ఇట్' అతికిందంటే అది ఊరికి వెళ్ళే 'టు', దాని వెనక నామవాచకం గాని 'ఇంగ్' గాని రావాలి. అపోజిషన్, అడిక్షన్ ఈ బాపతే. 'అడిక్షన్ టు డ్రింకింగ్' అంటాం.

కాబట్టి మీ పాస్‌పోర్టు అఫిడవిట్లలో 'టు ది ఇష్యూ ఆఫ్' ఒప్పు. అక్కడ ఇష్యూ నామవాచకం. 'ది', 'ఆఫ్' తీసేస్తే ఇష్యూ క్రియ అయిపోతుంది, వాక్యం చెడుతుంది. క్రియే కావాలంటే 'టు ఇష్యూయింగ్ ది పాస్‌పోర్ట్' అనాలి. ఇంటి సంగతికి 'ఐ హ్యావ్ నో అబ్జెక్షన్ టు మై బ్రదర్ కన్‌స్ట్రక్టింగ్ ది హౌస్' అని కొట్టండి. డ్రాఫ్టులో ఉన్నట్టే ఉంచితే కట్టేది అన్నా తమ్ముడా అన్నది కూడా తేలదు. రేపు వాళ్ళు కొట్టుకుంటే ఆ కాయితమే బయటికొస్తుంది.

రైట్ మాత్రం రెండు 'టు'లనూ ఒప్పుకుంటుంది. రాజ్యాంగం 19వ అధికరణం తెరవండి. పౌరులందరికీ 'రైట్' ఉంటుందని మొదలుపెట్టి, (ఎ)లో 'టు ఫ్రీడమ్ ఆఫ్ స్పీచ్ అండ్ ఎక్స్‌ప్రెషన్' అంటారు, అది నామవాచకం. (బి)లో 'టు అసెంబుల్ పీసబ్లీ' అంటారు, అది క్రియ. ఒకే రైట్, ఒకే వాక్యం, రెండు రకాల 'టు'లు. 2005లో వచ్చిన 'రైట్ టు ఇన్ఫర్మేషన్' మొదటి బాపతు, 'రైట్ టు వోట్' అన్నప్పుడు రెండో బాపతు.

పుత్తూరు పిల్ల

మేడమ్, ఊరికి వెళ్ళే 'టు' అదిరింది. నేను గూగుల్ ఎన్‌గ్రామ్‌లో కూడా చూశాను. 2010లో పెట్టారు, అచ్చయిన పుస్తకాల్లో ఏ మాట ఏ కాలంలో ఎంత వాడారో గీత గీసి చూపిస్తుంది, ఉచితం. 'పాసిబిలిటీ ఆఫ్' ఆకాశంలో ఉంది, 'పాసిబిలిటీ టు' నేలమీద పాకుతోంది. ఆ పాకేదాంట్లో కూడా 'రెడ్యూస్ ది పాసిబిలిటీ టు జీరో' లాంటివి కలిసిపోయి ఉంటాయి, అవి మన లెక్కలోకి రావు. అందుకే ఉత్త 'టు' అని కాకుండా 'టు డు', 'టు గెట్' అని క్రియతో సహా కొట్టి చూడాలి.

ఒక డౌట్ మాత్రం మిగిలింది. 'టు' ఉంటే పని ముందుంటుంది అన్నారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది. మన శ్రీహరికోట నుంచే కదా లేచింది. పేపర్లన్నీ 'ది ఫస్ట్ కంట్రీ టు ల్యాండ్ నియర్ ది సౌత్ పోల్', 'ది ఫోర్త్ కంట్రీ టు ల్యాండ్ ఆన్ ది మూన్' అని రాశాయి. దిగడం అయిపోయింది కదా?

బైరాగిపట్టెడ కోచింగ్ మాస్టర్

ఇది నేను చెప్తా, మేడమ్ కాసేపు విశ్రాంతి తీసుకోనీ. అక్కడ 'టు ల్యాండ్' అంటే 'దట్ ల్యాండెడ్' అని. ఫస్ట్, సెకండ్, లాస్ట్, ఓన్లీ, ఇలాంటివి ముందుంటే 'టు' ఆ దేశం ఏదో గుర్తుపట్టించే పని చేస్తుంది. కంట్రీ అనే మాటకు 'టు' కావాలని సొంత కోరికేం లేదు, 'ఫస్ట్' తీసేసి 'ఎ కంట్రీ టు ల్యాండ్' అని చూడు, అర్థమే మారిపోతుంది. డెసిషన్‌కైతే అలా కాదు, దేన్ని నిర్ణయించారో చెప్పకపోతే సగంలో ఆగినట్టుంటుంది.

ఇదే గుర్తుపట్టించే 'టు' దగ్గర మన పిల్లలు తోక మర్చిపోతారు. 'ఐ నీడ్ ఎ హౌస్ టు లివ్' అని రాస్తారు, 'టు లివ్ ఇన్' అనాలి. 'ఎ చెయిర్ టు సిట్ ఆన్', 'ఎ పెన్ టు రైట్ విత్'. కుర్చీని కూర్చోం, కుర్చీ మీద కూర్చుంటాం. 'వాటర్ టు డ్రింక్'కు తోక అక్కర్లేదు, నీళ్ళనే తాగుతాం.

కోర్టెదురు టైపింగ్ అంగడి, చిత్తూరు

అందరికీ పేరుపేరునా దండాలు. ఇప్పుడే ఒక బ్యాంకు లోన్ కాయితం వచ్చింది. అప్పు తీరేదాకా జాగా అమ్మనని రాసియ్యాల. డ్రాఫ్టులో 'అండర్‌టేకింగ్ టు నాట్ సెల్' అనుండాది. అండర్‌టేకింగ్ రాసిచ్చేదీ ఆయనే, అమ్మకుండా ఉండాల్సిందీ ఆయనే, ఇట్ పెడితే అతకదు, కాబట్టి 'టు' కరెక్టే. కానీ ఆ 'నాట్' ఉండే చోటు ఎట్లో ఉండాది నాకు.

ప్లీడరు గుమాస్తా

అన్నా, 'నాట్'ను 'టు'కు ముందరికి తే. 'అండర్‌టేకింగ్ నాట్ టు సెల్'. డెసిషనైనా అగ్రిమెంటైనా మా ఆఫీసు డ్రాఫ్టుల్లో అట్లే పోతుంది. మాటల్లో 'టు నాట్' అనేవాళ్ళు ఉండారు గాని కోర్టు కాయితంలో వద్దు. అన్నట్టు, మా సారు అప్పీలు కాయితాలు పొద్దున్నే తెస్తా ఉండా. ఎడమ పక్క మార్జిన్ రోంత జాస్తి వదులు, పోయినసారి కుట్టు కింద అక్షరాలు పొయ్యినాయి.